కాపాడినవారే ఏలికలైతే

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య దొరికిన ‘స్క్వాడ్రన్ సుప్రీమ్’ కామిక్స్ సంపుటిని నిన్న రాత్రి ముగించినప్పటి నుంచి నా ఆలోచనలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. మార్క్ గ్రూన్‌వాల్డ్ రాయగా మార్వెల్ సంస్థ 1985, 1986 సంవత్సరాలలో 12 సంచికలుగా వెలువరించిన ఈ కథలో, తాము కాపాడుతూ వచ్చిన ప్రపంచం ఛిన్నాభిన్నం కాగా, దానిని తిరిగి నిలబెడతామంటూ ఒక సూపర్‌హీరోల బృందం అమెరికా పాలనను తన చేతుల్లోకి తీసుకుంటుంది. (1996లో మరణించిన గ్రూన్‌వాల్డ్ చితాభస్మాన్ని, ఆయన కోరిక మేరకు, మరుసటి ఏడాది వచ్చిన తొలి సంపుటి ముద్రణ సిరాలో కలిపారు.)

కంచే చేను మేసిన కథలలో సాధారణంగా దురాశ ఉంటుంది. ఇక్కడ అది లేకపోవడమే నన్ను భయపెట్టింది. ఆకలిని, యుద్ధాన్ని, నేరాన్ని తుడిచివేయాలన్న బృంద నాయకుడు హైపీరియన్ సంకల్పంలో కల్మషం లేదు. అయినా నేరస్థుల మనసు మార్చడానికి తయారైన యంత్రాన్ని, తనతో పెళ్లికి నిరాకరించిన సహసభ్యురాలు లేడీ లార్క్ మీద బృందంలోని గోల్డెన్ ఆర్చర్ రహస్యంగా ప్రయోగించి, ఆమెలో తనపై ప్రేమను బలవంతంగా పుట్టించిన ఘట్టం దగ్గర నేను కొంతసేపు ముందుకు చదవలేకపోయాను. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని అధికారం అంత త్వరగా ఒక స్త్రీ మనసు దాకా వచ్చేసింది.

మొదటే వ్యతిరేకించి బృందాన్ని వీడిన నైట్‌హాక్ నాకు అత్యంత గౌరవనీయుడిగా కనిపించాడు. పాత మిత్రులతోనే పోరాడి, చివరి సంచికలో ప్రాణాలు కోల్పోతాడు. అతడు ఎంచుకున్న మార్గం సరైనదేనా అన్న విషయంపై బెజవాడ మిత్రులెవరైనా చర్చించదలిస్తే, సంపుటిని సంతోషంగా చదవడానికి ఇస్తాను.