హోప్ ఐలాండ్ దారిలో వేడెక్కిన మోటారు

కాకినాడ నుంచి హోప్ ఐలాండ్‌కి ఈసారి బాబాయ్ ఫైబర్ బోటులో వెళ్ళాం. దానికి వెనక పాత జపాన్ టూ స్ట్రోక్ మోటారు, 25 హార్స్ పవర్, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే రకం. హెడ్డు, అంటే ఇంజను సిలిండర్ల మీది మూత, వేడెక్కితే మోగే బజర్ లాంటివేవీ దానికి లేవు. దీవి గురించి కూడా చెప్తాను గానీ అసలు రాయాలనుకుంది ఆ మోటారు గురించే, ఎందుకంటే దారిలో అది వేడెక్కింది, సముద్రం మీద కంగారు పడకుండా బాబాయ్ ఆ లోపాన్ని ఎలా పట్టుకున్నాడో పాత మోటార్లు నడిపేవాళ్ళందరికీ తెలియాలి.

అటవీ శాఖ పర్మిషన్ ముందే తీసుకున్నాం. పొద్దున్నే పోటు మీద, అంటే సముద్రం పొంగేటప్పుడు, బయల్దేరితే బే అంతా నిండుగా ఉంటుంది, నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలైతే మాత్రం చాలాచోట్ల అడుగు బురద తగులుతుంది. కుడివైపు దూరంగా కోరింగ మడ అడవి పచ్చగా గీత గీసినట్టు కనపడుతుంటే, ఎదురుగా హోప్ ఐలాండ్. పేరుకి ఐలాండే గానీ గోదావరి తెచ్చి పోసిన ఇసుక రెండొందల ఏళ్ళుగా పేరుకుని అయిన పొడుగాటి దిబ్బ అది, దాదాపు 16 కిలోమీటర్లు ఉంటుంది, తుఫానొస్తే కాకినాడ రేవుకి అడ్డంగా నిలబడేది అదే.

బోటు ఎక్కాక బాబాయ్ కళ్ళు ఎక్కువసేపు వెనకే ఉంటాయి. మోటారు వెనక చిన్న బెజ్జంలోంచి నీళ్ళు ధారగా పడుతుంటాయి కదా, అది మోటారు నాడి అంటాడు. కింద గేర్ బాక్సు పక్కన జల్లెడలాంటి రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికి పోతాయి, షాఫ్ట్ మీద కూర్చున్న ఇంపెల్లర్, అంటే పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం, వాటిని సన్న పైపులోంచి పైకి తోస్తుంది, అవి హెడ్డు చుట్టూ తిరిగి, వేడెక్కాక థర్మోస్టాట్, అంటే వేడికి తెరుచుకునే చిన్న వాల్వు, తెరుచుకుంటే బయటికి పోతాయి. రేడియేటర్ లేదు, ఫ్యాను లేదు, చల్లబరిచేది సముద్రమే. అందుకే ఒడ్డున నీళ్ళు లేకుండా ఊరికే స్టార్ట్ చేసి చూడకూడదు, కాసేపట్లోనే ఇంపెల్లర్ మాడిపోతుంది.

బే సగం దాటామో లేదో ధార సన్నబడింది, చూస్తుండగానే చుక్కలు చుక్కలుగా అయిపోయింది. బాబాయ్ వెంటనే ఆపేశాడు. లంగరేసి, మోటారు పైకి లేపితే నీళ్ళు లాగే రంధ్రాలకి పాల ప్యాకెట్ కవరు అతుక్కుని ఉంది, దాన్ని లాగేశాం. మళ్ళీ దించి స్టార్ట్ చేస్తే ధార వచ్చింది గానీ పల్చగానే వస్తోంది, అప్పుడు బ్రేకు వైరు తీగ ఒకటి తీసి వెనక బెజ్జంలో గుచ్చి తిప్పాడు, బూడిద రంగు బురద కొంచెం ఊడి పడింది, దాంతో ధార మంచి జోరుగా పడింది. నేనైతే పని అయిపోయిందనుకున్నా.

బాబాయ్ అలా అనుకోలేదు. "ధార చూసి మురిసిపోకురా, హెడ్డు ఏమంటుందో చూడు" అని మోటారు పై డొప్ప, కౌలింగ్, తీసి, కొంచెం స్పీడు పెంచి నడిపి, వేలితో నాలుగు చుక్కలు హెడ్డు మీద చిలకరించాడు. సుయ్‌మని ఎగిరిపోయాయి. అంటే ధార బాగుంది, హెడ్డు మాత్రం కాలుతోంది. ఇదే అసలు విషయం. ఇలాంటి చాలా పాత మోటార్లలో ఆ ధార పంపు నుంచి వచ్చే దారిలోనే, థర్మోస్టాట్‌కి ముందే చీలి బయటికి వచ్చేస్తుంది, కాబట్టి ధార ఉందంటే పంపు తోస్తోందని మాత్రమే అర్థం, ఆ నీళ్ళు హెడ్డంతా తిరుగుతున్నాయని కాదు. ధార లేకపోతే రంధ్రాలు, ఇంపెల్లర్, పైపు చూడాలి. ధార ఉండి కూడా హెడ్డు కాలుతుంటే థర్మోస్టాట్, ఇంజను బ్లాకు లోపలి నీళ్ళ దారులు చూడాలి. ఈ తేడా తెలియక మంచి ఇంపెల్లర్లు మార్చుకుంటూ పోయేవాళ్ళని చూశాను. వేడిగా ఉంది కదా అని బకెట్టు నీళ్ళు గుమ్మరించడం ఇంకా ఘోరం, హెడ్డు వంకరపోతుంది. ఆపి, దానంతటది చల్లారేదాకా ఊరుకోవడమే.

చల్లారాక ఐడిల్ మీదే, మధ్యమధ్య ఆపుకుంటూ, మెల్లగా దీవి ఒడ్డుకి చేరాం. హెడ్డు పైనున్న థర్మోస్టాట్ మూత బోల్టులు ఉప్పుకి పట్టేసి ఉన్నాయి, వాటి మీద బలం చూపిస్తే తలలు విరుగుతాయి, కాబట్టి కిరోసిన్ వేసి, స్పానర్ పెట్టి చిన్న సుత్తితో తట్టుతూ, కొంచెం విప్పడం మళ్ళీ కొంచెం బిగించడం, ఇలా చాలాసేపు పట్టింది. మూత కింద నీళ్ళు కారకుండా వేసే ప్యాకింగ్ చిరగకుండా బ్లేడుతో లేపాడు. లోపల థర్మోస్టాట్ చుట్టూ తెల్లగా ఉప్పు గట్టిపడి ఉంది, దాని కింద దారిలో నల్లటి రబ్బరు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, గోరంత, ఒక అంచు నున్నగా, రెండో అంచు చిరిగినట్టు. ఇంపెల్లర్ రెక్క ముక్క.

దీవిలో చిన్న జాలరి పల్లె ఉంది. అక్కడ ఒకమ్మ పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టి ఇచ్చింది, అందులో థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీశాం. మంచిదైతే దానిమీద కొట్టి ఉన్న డిగ్రీల దగ్గర, నీళ్ళు మరగడానికి చాలా ముందే తెరుచుకోవాలి. నీళ్ళు తెర్లుతున్నా అది కదల్లేదు. ఆ అమ్మ "ఏంటి బాబూ, ఇనుము వండుతున్నారా" అని నవ్వింది, తర్వాత మాకు టీ కూడా ఇచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుక మీదే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయని, ఎక్కడెక్కడికి వస్తాయో చెయ్యి చాపి చూపించింది.

థర్మోస్టాట్ తీసేసి, మూత ఉత్తినే బిగించి వచ్చాం. ఇల్లు చేరడానికి అది పనికొస్తుంది. అలాగే రోజూ నడిపితే మాత్రం ఇంజను చల్లగా ఉండిపోయి పెట్రోలు సరిగ్గా కాలదు, ప్లగ్గులు నల్లబడతాయి. తిరుగు దారంతా చుక్కలు చిలకరించి చూస్తూనే ఉన్నాం, ఈసారి సుయ్‌మనలేదు.

ఒడ్డుకొచ్చాక కింద లెగ్గు, అంటే గేర్ బాక్సు, పంపు ఉండే కింది భాగం, విప్పాం. గేరు రాడ్డు లింకు ఊడదీసి, బోల్టులు తీస్తే మొత్తం కిందికి దిగుతుంది. పంపులో ఇంపెల్లర్ రెక్కలు అన్నీ ఉన్నాయి! మరి ఆ ముక్క? అది అంతకుముందు ఉన్న ఇంపెల్లర్‌ది. పోయిన సీజన్‌లో ఒక మెకానిక్ దాన్ని మార్చాడు, విరిగిన రెక్క ఎటు పోయిందో వెతకలేదు, కొత్తది వేసి మూసేశాడు. నాకు ఆ మెకానిక్ మీద నిజంగా కోపం వచ్చింది, ఎందుకంటే ఆ బోటులో జనం ప్రాణాలు ఉంటాయి.

బాబాయ్ సన్న పైపు ఊడదీసి, హోసు పెట్టి మంచినీళ్ళు రెండు వైపుల నుంచీ వదిలితే ఇంకో ముక్క, ఆవగింజంత, జల్లెడలో పడింది. బురదకి పంపు కప్పు లోపల గీతలు పడి ఉన్నాయని ఇంపెల్లర్ కూడా కొత్తదే వేశాడు, గ్రీజు రాసి, షాఫ్ట్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ కప్పు దించాడు, రెక్కలు సరైన వైపు వంగాలంటే అలాగే దించాలి. కొత్త థర్మోస్టాట్, కొత్త ప్యాకింగ్ వేసి, డ్రమ్ములో మంచినీళ్ళు పోసి తిప్పితే ధార జోరుగా పడింది, హెడ్డు మీద చెయ్యి పెట్టి ఉంచగలిగాం. వచ్చే వారం భైరవపాలెం మొగ దాకా, గోదావరి సముద్రంలో కలిసే చోటు దాకా, వెళ్దామన్నాడు.