డి వచ్చిన సబ్జెక్టును మళ్ళీ చదివించాను

విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్ళుగా గణితం బోధిస్తున్న నేను, గత జూన్‌లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిది గంటల వేళ, నా మేనకోడలి మార్కుల జాబితాను ముందు పెట్టుకొని కూర్చున్నాను. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళు చదివి విశ్వవిద్యాలయానికి మారే వీలున్న కాలేజీలో, రెండు సెమిస్టర్లు పూర్తయ్యేసరికి 30 యూనిట్ల (మన క్రెడిట్ల వంటివి) మీద ఆమె గ్రేడు పాయింట్ల సగటు 4కు 2.4 మాత్రమే ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి బదిలీ కావడానికి ఆ రాష్ట్ర నివాసులకైతే కనీసం 2.4 చాలు గాని, మన పిల్లలకు 2.8 కావాలి, అది కూడా దరఖాస్తుకు అర్హతే తప్ప సీటుకు హామీ కాదు. "మావయ్యా, అమ్మకి చెప్పకు" అన్నదే ఆమె మొదటి మాట.

వేసవిలో తేలికైన 3 యూనిట్ల కోర్సు ఒకటి తీసుకొని, ఎ తెచ్చుకొని సగటు పెంచుకుందామన్నది ఆమె ఆలోచన. లెక్క వేసి చూపించాను. ఎ గ్రేడుకు 4, బికి 3, సికి 2, డికి 1, ఎఫ్‌కు 0 చొప్పున యూనిట్లతో గుణిస్తే పాయింట్లు వస్తాయి, వాటిని మొత్తం యూనిట్లతో భాగిస్తే సగటు. ఇప్పటికి ఉన్నవి 72 పాయింట్లు. మరో 12 కలిపి 33తో భాగిస్తే వచ్చేది 2.55. జాబితాలో 5 యూనిట్ల కాలిక్యులస్‌కు డి ఉంది. మన దగ్గర ఒకసారి గట్టెక్కిన సబ్జెక్టును సాధారణంగా మళ్ళీ ముట్టుకోము కాబట్టి, దాని సంగతి ముగిసిపోయిందనే ఆమె అనుకున్నది. అక్కడ డి, ఎఫ్ వచ్చిన కోర్సులను మళ్ళీ చదవవచ్చు. పాత గ్రేడు రికార్డులో కనిపిస్తూనే ఉన్నా సగటులో కొత్తదే లెక్కకు వస్తుంది. భాగించే యూనిట్లు పెరగకుండా పాయింట్లు మాత్రమే పెరుగుతాయి గనుక, బి వచ్చినా 72 కాస్తా 82 అయి, సగటు 2.73కు చేరుతుంది. కొత్తగా 5 యూనిట్ల కోర్సులో ఎ తెచ్చుకున్నా 2.63 దాటదు. సి వచ్చిన కోర్సుకు మాత్రం ఈ వెసులుబాటు ఉండదు.

తరువాతి సెమిస్టరులో 15 యూనిట్లకూ బి వస్తే 2.82 అవుతుంది, కాలిక్యులస్‌ను అలాగే వదిలేసి ఉంటే అవే బి గ్రేడులతో 2.6 దగ్గరే ఆగిపోయేది. కష్టంగా ఉన్న కోర్సును మధ్యలో విడిచిపెడితే సగటు దెబ్బతినదని స్నేహితులు చెప్పారట. కాని ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారికి సెమిస్టరుకు 12 యూనిట్లు తప్పనిసరి అని, కాలేజీలోని విదేశీ విద్యార్థుల అధికారి అనుమతి లేకుండా అంతకన్నా తగ్గితే చదువుకే ముప్పు వస్తుందని గట్టిగా చెప్పాను.

వేసవి కాలిక్యులస్‌లో ఆమెకు బి వచ్చింది. ఆ సాయంత్రం తల్లికి తానే ఫోన్ చేసి, పాత డి సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఇప్పుడు ప్రతి ఆదివారం మేమిద్దరం రెండు గంటలసేపు భౌతికశాస్త్రం లెక్కలు చేస్తున్నాము.