అక్క పుస్తకంలో ఖాళీ గడి

అక్క పోయి మొన్న కార్తీకానికి ఏడాదైంది. బీరువా సర్దుతుంటే చీరల అడుగున ఆవిడ రూళ్ళ పుస్తకం దొరికింది. స్కేలు పెట్టి గీసిన గడులు. తేదీ, టైము, మందు శాతం, లోపలికి, బయటికి, రంగు. రోజుకి నాలుగు వరసలు. పంతొమ్మిది నెలల పాటు నా పొట్టలోకి ఎంత వెళ్ళిందో, ఎంత తిరిగొచ్చిందో అంతా అందులో ఉంది.

కిడ్నీలు పోయిన కథ చాలామందికి తెలిసిందే. బీపీ ఉందని తెలీలేదు, కాళ్ళు వాచాయి, పరీక్ష చేయిస్తే, కిడ్నీ వడకట్టి పారెయ్యాల్సిన క్రియాటినిన్ రక్తంలో 11. వారానికి మూడుసార్లు కోనసీమ నుంచి కాకినాడ వెళ్ళి మిషన్ మీద పడుకోవడం నా వల్ల కాదన్నాను. అయితే పొట్ట డయాలసిస్ పెట్టుకోమన్నారు. బొడ్డు పక్కన మెత్తటి గొట్టం వేశారు. పుండు మానడానికి రెండు వారాలు ఆగి మొదలుపెట్టారు.

మనిషి పొట్టలో పేగుల్ని కప్పి పల్చటి పొర ఉంటుంది. రెండు లీటర్ల చక్కెర నీళ్ళు లోపల పోసి నాలుగైదు గంటలు ఉంచితే, రక్తంలోని చెత్త ఆ పొర గుండా నీళ్ళలోకి దిగుతుంది. చక్కెర ఒంట్లో ఎక్కువైన నీటిని లాగుతుంది. బ్యాగులు 1.5 శాతం, 2.5, 4.25 అని మూడు రకాలు. శాతం పెరిగేకొద్దీ నీరు ఎక్కువ లాగుతుంది, చక్కెరా ఎక్కువే ఒంటికి పడుతుంది. కాళ్ళవాపు చూసి, బరువు చూసి ఏది ఎక్కించాలో తేల్చుకోవాలి. ఏడో తరగతితో చదువాపేసిన అక్క ఈ లెక్క నాకంటే ముందు పట్టేసింది. బావ మస్కట్‌లో ఉండేవాడు, పిల్లలు హాస్టల్లో. పెట్టె సర్దుకుని వచ్చి మా ఇంట్లో కూచుంది.

పొద్దున ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి తొమ్మిదిన్నర. మే నెలలోనైనా సరే ముందు కిటికీలు మూసి ఫ్యాను ఆపేసేది, దుమ్ము లేవకూడదని. బల్ల స్పిరిట్‌తో తుడిచేది. బ్యాగుని వేడిసంచీలో పెట్టి ఒంటివేడికి తెచ్చేది. వేణ్ణీళ్ళ బకెట్లో పడేస్తే తొందరగా అవుతుంది కదా అన్నానోసారి. కవరు మీద తడి ఉంటే ఆ తడిలోంచే కంటికి కనపడని పురుగు, అంటే బ్యాక్టీరియా, గొట్టంలోకి పోతుందంది. ఇద్దరికీ మాస్కులు. చేతి గాజులు తీసి అలమరలో పెట్టి, రెండు నిమిషాలు సబ్బుతో కడుక్కునేది. బొటనవేలు వెనక, వేళ్ళ సందులు, గోళ్ళ కింద. ఆ తర్వాత తడి చుక్క లేకుండా తుడుచుకునేది. చేతులు కడిగాక గుమ్మం గొళ్ళెం ముట్టుకుందంటే మళ్ళీ మొదటికి.

బ్యాగు మీద తేదీ, శాతం చూడాలి. గట్టిగా నొక్కి కారుతోందేమో చూడాలి. గొట్టం కలిపాక ముందు పాత నీళ్ళు దింపాలి, ఇరవై నిమిషాలు. ఆ తర్వాత కొత్త బ్యాగు సీలు విరిచి, పొట్టలోకి వదిలే ముందు అయిదు లెక్కపెట్టేంత సేపు కొత్త నీటిని నేరుగా కింది బ్యాగులోకి వదలాలి. గొట్టంలో గాలీ, ఎక్కడైనా అంటుకున్న పురుగూ దాంతో కొట్టుకుపోతాయి. అక్క అంకెలు లెక్కపెట్టేది కాదు. మాస్కు లోపలే న, మ, శ్శి, వా, య. ద్రాక్షారామం భీమేశ్వరుడికి అట్లా రోజుకి నాలుగుసార్లు పంచాక్షరి ముట్టేది. పది నిమిషాల్లో పొట్ట నిండేది. విప్పేశాక అయొడిన్ ఉన్న కొత్త మూత. ఒకసారి వాడిన మూత రెండోసారి పెట్టకూడదు, కింద పడితే అసలు పెట్టకూడదు.

దింపిన బ్యాగుని దూలానికి వేలాడే స్ప్రింగు కాటాకి తగిలించేది. పోసిన 2000 మి.లీ.కి 2300 వస్తే మొహం వెలిగేది, 1900 వస్తే నన్ను అటూ ఇటూ దొర్లించేది. నీళ్ళలో తెల్లటి నూలుపోగుల్లాంటివి కనపడితే గొట్టం మూసుకుపోకుండా లీటరుకి 500 యూనిట్ల హెపారిన్ కలపమని సిస్టరు చెప్పింది. నీళ్ళు నెమ్మదిగా దిగడానికి చాలాసార్లు కారణం అదీ కాదు, మలబద్ధకం. పేగు నిండుగా ఉంటే గొట్టాన్ని నొక్కేస్తుంది. అందుకే రాత్రిపూట ల్యాక్టులోజ్ సిరప్ రాశారు. ఈ సిరప్ సంగతి గుర్తుంచుకోండి.

తొమ్మిదో నెలలో, ఆశ్లేష కార్తెలో ముసురు పట్టిన రాత్రి. కరెంటు పోయింది. దింపిన బ్యాగుని అక్క టార్చి వెలుగులో చూసి మాట్లాడలేదు. పాత పేపరు తెచ్చి బ్యాగు వెనక పట్టింది. రోజూ అక్షరాలు చదవొచ్చు, గడ్డిరంగు నీళ్ళు. ఆ రాత్రి హెడ్డింగు కూడా కనపడలేదు. బియ్యం కడుగులా ఉంది. పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది, తీసేటప్పుడు ప్రాణం పోయింది నాకు. చలిజ్వరం మొదలైంది.

మాకు నేర్పిన సిస్టరు రాత్రి పదకొండుకి ఫోనెత్తింది. ఆవిడకి నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను. "బ్యాగు పారబొయ్యకండి, పట్టుకురండి, రెండు కొత్త బ్యాగులూ మూతలూ కూడా తెచ్చుకోండి, రాత్రిపూట అక్కడ దొరక్కపోవచ్చు" అంది. యానాం బ్రిడ్జి మీద వాన. అక్క వొళ్ళో పాలిథిన్ కవర్లో ఆ తెల్లటి బ్యాగు, పసిపిల్లని పట్టుకున్నట్టు.

మేం వెళ్ళిన ఆసుపత్రి పేరు రాయను. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు బ్యాగు చూడకుండానే "ఊళ్ళో మట్టి చేతుల్తో చేస్తే ఇంతే మరి" అన్నాడు. పక్కనున్న మనిషి ఆ బ్యాగు తీసుకుని వెళ్ళి సింకులో పారబోసేశాడు. పరీక్షకి పంపాల్సిన నీళ్ళు అవి!

అక్క తన చేతులకేసి చూసుకుంది. రోజుకి ఎనిమిది పదిసార్లు సబ్బు పడి వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నెత్తురు జీరలు కట్టిన చేతులు. అప్పుడు "ఆయ్, మీరు పెద్దచదువులు చదూకున్నారు గానండి, మందు ఎక్కించేముందు ఇంకో బ్యాగు నీళ్ళు తీసి పంపాలంట గదండీ" అంది. తెచ్చిన బ్యాగు తనే ఎక్కించి రెండు గంటలు ఉంచి దింపింది. ఆ నీళ్ళలో తెల్లకణాలు మైక్రోలీటరుకి 100 దాటి, అందులో సగానికిపైగా న్యూట్రోఫిల్స్ అనే రకం ఉంటే పొరకి ఇన్‌ఫెక్షన్ అని లెక్క. నాకు 1,800 పైన.

సెఫజోలిన్, సెఫ్టజిడిమ్ అనే యాంటీబయాటిక్ మందులు బ్యాగులో కలిపి రోజుకోసారి ఎక్కించారు. ఆరు గంటలకి తక్కువ కాకుండా లోపల ఉండాలి. మూడో రోజుకి నీళ్ళు తేటపడ్డాయి. 21 రోజులు ఆపలేదు. ఇంటికొచ్చాక ఇంజక్షన్ మూతిని స్పిరిట్‌తో తుడిచి అక్కే కలిపేది.

ఏ పురుగో తేల్చే కల్చర్ రిపోర్టు నాలుగో రోజు వచ్చింది. ఈ.కోలై. పెద్ద డాక్టరుగారు చూసి, "చేతి నుంచి వస్తే మామూలుగా చర్మం మీది బ్యాక్టీరియా ఉంటుందమ్మా. ఇది పేగులోది. మోషన్ సరిగ్గా అవుతోందా?" అని నాకేసి తిరిగారు.

అవడం లేదు. నాలుగు రోజులుగా లేదు. ఆ సిరప్ తీపికి వెగటు పుట్టి, అక్క అటు తిరగ్గానే తులసి మొక్కలో పోసేసేవాణ్ణి. అడిగితే అయ్యిందనేవాణ్ణి. పేగు అట్లా నిండిపోతే దాని గోడ దాటి పురుగు పక్కనున్న నీళ్ళలోకి చేరుతుందట. అక్క నన్నేమీ తిట్టలేదు. "ఆ ముక్క నాతో చెప్పడానికి సిగ్గేంట్రా? నీ ఉచ్చగుడ్డలు ఉతికింది నేనే కదరా" అంది. ఆ పూటే పుస్తకంలో రంగు పక్కన ఇంకో గీత గీసి పైన "కడుపు" అని రాసింది. పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్ళెవరైనా చదువుతుంటే ఆ గడి మీరూ గీసుకోండి.

ఆ కుర్ర డాక్టరుకి రిపోర్టు చూపించాలని నాకు ఇప్పటికీ ఉంది. అక్కకి లేదు. "రాత్రంతా నిద్ర లేదు పాపం ఆ పిల్లాడికి" అనేది. నాకు ఆ పెద్దమనసు రాలేదు, రావాలనీ లేదు.

పలకరించడానికొచ్చి కొబ్బరిబోండాలు ఇచ్చి పోయేవాళ్ళ మీద మాత్రం అక్కకీ కోపమే. కొబ్బరినీళ్ళు కిడ్నీకి మంచివని ఎవడు చెప్పాడో! అందులో పొటాషియం ఎక్కువ, చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. రక్తపరీక్ష చూసి డాక్టరు ఒప్పుకుంటే తప్ప ముట్టకూడదు. బోండాలన్నీ పాలేరుకి ఇచ్చేసి నాకు రోజూ ఉడికిన గుడ్ల తెల్లసొన పెట్టేది. నీళ్ళతోపాటు మాంసకృత్తులూ పోతాయి, తినకపోతే కండ కరిగిపోతుంది.

తన కిడ్నీ ఇస్తానంది. షుగర్ ఉందని వద్దన్నారు. ఆ రోజు ఒక్కరోజే ఏడవడం చూశాను. చనిపోయినవాళ్ళ అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం, ఒకనాడు తెల్లవారుజామున పిలుపొచ్చింది. ఎవరో, ఏ ఊరో తెలియని వాళ్ళు అంత దుఃఖంలోనూ సరేనన్నారు. ఆపరేషన్, మందులు, మాస్కు, అన్నీ మామూలే. క్రియాటినిన్ 1.2 దగ్గర నిలబడింది. అక్క మాత్రం మూడేళ్ళకి నిద్రలోనే గుండెపోటుతో వెళ్ళిపోయింది, ఎవరిచేతా గ్లాసుడు నీళ్ళైనా తెప్పించుకోకుండా.

పుస్తకంలో చివరి వరస ఆ పిలుపొచ్చిన రాత్రిది. తొమ్మిదిన్నర, 1.5 శాతం, లోపలికి 2000. బయటికి అన్న గడి ఖాళీ. ఆ నీళ్ళు థియేటర్‌లోకి తీసుకెళ్ళేముందు ఆసుపత్రిలోనే దింపేశారు. ఎంత వచ్చిందని అక్క సిస్టర్లనీ ఆయాల్నీ అడిగింది. ఎవరూ తూచలేదు. కొత్త కిడ్నీతో నేను బకెట్లకొద్దీ పోస్తున్న రోజుల్లో కూడా, "ఆవేళ ఎంత దిగిందో రాసుకోలేదురా" అంటూనే ఉండేది.