పుట్టగానే ఏడవని మా బాబు

మా బాబు పుట్టగానే ఏడవలేదు. ఉరవకొండలో కాన్పు. రాత్రంతా నొప్పులు పడ్డాక తెల్లవారుజామున పుట్టాడు. అందరూ బిడ్డ చుట్టూ మూగారు. మాస్కు పెట్టి ఊపిరి అందిస్తున్నారని తర్వాత తెలిసింది. కాసేపటికి సన్నగా మూలుగు వినిపించింది. మా అమ్మ, మా ఆయన అప్పటికప్పుడు వాణ్ణి తీసుకుని 108లో అనంతపురం బయల్దేరారు. నేను వాడి మొహం కూడా సరిగా చూడలేదు.

పెద్దాసుపత్రిలో పసిపిల్లల ఐసీయూలో పెట్టారు. అమ్మను లోపలికి పిలిచి చూపించినప్పుడు బాబు నోరు చప్పరిస్తున్నాడట, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడిస్తున్నాడట. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఆకలేస్తున్నట్టుంది సిస్టర్, పాలు పట్టొచ్చా?" అని అడిగింది. సిస్టర్ దగ్గరకొచ్చి బాబు కాలిని మెత్తగా పట్టుకుంది. పట్టుకున్నా కదలిక ఆగలేదు. "ఇది ఆకలి కాదమ్మా, ఫిట్స్" అంటూనే డాక్టర్‌ను పిలిచింది. పుట్టిన బిడ్డకు వచ్చే ఫిట్స్ పెద్దవాళ్లకు వచ్చినట్టు ఉండవు. చప్పరింపు, కన్ను ఒకేచోట నిలిచిపోవడం, ఊపిరి కాసేపు ఆగడం, చాలాసార్లు ఇలాగే ఉంటాయి. ఊరికే వణుకు అయితే చేత్తో పట్టుకోగానే ఆగుతుంది, ఫిట్స్ ఆగదు. ఆ సిస్టర్‌ను తలుచుకోని రోజు లేదు మా ఇంట్లో. వెంటనే ఫిట్స్ ఆపే ఫినోబార్బిటోన్ ఇంజెక్షన్ ఇచ్చారు.

జబ్బు పేరు హెచ్‌ఐఈ, రెండో స్టేజీ, అంటే మధ్యరకం అన్నారు. కాన్పు సమయంలో మెదడుకు రక్తం, ఆక్సిజన్ సరిగా అందకపోతే వచ్చేది. దెబ్బ ఒక్కసారితో అయిపోదట. ఊపిరి అందాక మెదడు కాస్త తేరుకున్నట్టే ఉండి, కొన్ని గంటల తర్వాత మళ్లీ కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. వైద్యానికి దొరికేది ఆ మధ్య వ్యవధే.

మా ఆయన ఫోన్‌లో చదివి ఒకటే టెన్షన్. పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టి, బిడ్డ ఒంటి వేడిని 33.5 డిగ్రీల సెల్సియస్‌కు దించి 72 గంటలు అలాగే ఉంచితే మెదడు దక్కుతుందట, బెంగళూరు తీసుకెళ్దాం అని పట్టుబట్టాడు. డాక్టరమ్మ విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పింది. విదేశాల్లో ఆ పద్ధతి మంచి ఫలితాలిచ్చిన మాట నిజమే. మన దేశంలో, శ్రీలంకలో, బంగ్లాదేశ్‌లో 408 మంది బిడ్డల మీద హెలిక్స్ అనే పరిశోధన చేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. చల్లబరిచిన బిడ్డల్లో 42 శాతం మంది, చల్లబరచని వాళ్లలో 31 శాతం మంది చనిపోయారు. మన దగ్గర చాలామంది బిడ్డలకు దెబ్బ కాన్పుకు ఎంతో ముందే మొదలై ఉండొచ్చని, అందుకే చల్లబరచడం పనిచేయలేదేమోనని పరిశోధకుల అనుమానం. సదుపాయాలున్న కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పటికీ చేస్తున్నారు కానీ, ఫిట్స్ వస్తున్న బిడ్డను అంత దూరం తిప్పడం మంచిది కాదు అంది. జ్వరం రానివ్వకుండా, షుగర్ పడిపోకుండా, ఫిట్స్ తిరగబెట్టకుండా కాపాడుకోవడమే ఇప్పుడు ముఖ్యం అంది.

మా ఆయన నాకు ఇదంతా చెప్పినప్పటి నుంచి ఆ 408 మంది తల్లిదండ్రుల గురించే ఆలోచిస్తుంటాను. బిడ్డ బతుకుతాడో లేదో తెలియని గంటలో వాళ్లు పరిశోధనకు ఒప్పుకున్నారు. ఎంతోమందికి బిడ్డ దక్కలేదు. నా బిడ్డకు ఏం చేయాలో డాక్టర్లు నిబ్బరంగా తేల్చుకోగలిగారంటే వాళ్ల వల్లే. వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

నేను వెళ్లేసరికి ఫిట్స్ అదుపులోకి వచ్చాయి. పిండిన పాలు ముక్కులో గొట్టం ద్వారా రెండు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ వచ్చారు. తర్వాత ఎమ్మారై తీశారు. పెద్ద దెబ్బ లేదు, చిన్న మచ్చలున్నాయన్నారు. వాడు మొదటిసారి నా రొమ్ము పట్టుకుని తాగిన రోజు సిస్టర్లు కూడా నవ్వుకుంటూ వచ్చి చూసి వెళ్లారు.

ఇంటికి పంపేశారు కదా, ఇక అయిపోయిందనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలైంది. చెవి పరీక్ష, కంటి పరీక్ష, ఫిజియోథెరపీ, తల చుట్టుకొలత, అన్నీ వేరువేరు మనుషులు. మూడు నెలలప్పుడు ఫిజియో మేడమ్ బాబును వెల్లకిలా పడుకోబెట్టి, ఎవరూ పలకరించకుండా కాసేపు వీడియో తీసింది. ఆ వయసులో మెడ, మణికట్లు, చీలమండల దగ్గర సన్నటి మెలికల కదలికలు కనిపించాలట. అవి ఉంటే నడక మీద ఆశ పెట్టుకోవచ్చు. మా బాబుకు ఉన్నాయి.

కుడిచేతి బొటనవేలు మాత్రం పిడికిలి లోపలే ముడుచుకుని ఉండేది. "మా కాలంలో బిడ్డలు పెరగలేదా, ఊరికే ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు" అని సణిగే మా అవ్వను కూడా ఒకసారి తీసుకెళ్లాం. "అవ్వా, వేళ్లు పట్టి లాగొద్దు, బొటనవేలి మొదట్లో నిమిరితే అదే తెరుచుకుంటుంది" అని మేడమ్ ఆమె చేత చేయించింది. ఆ రోజు నుంచి నూనె రాసేటప్పుడల్లా అవ్వదే ఆ పని. ఇంకెవర్నీ ముట్టనివ్వదు.

ఇప్పుడు వాడికి రెండేళ్లు దాటాయి. నడుస్తున్నాడు, కుడిచేత్తో చెంచా పట్టుకుంటున్నాడు. మాటలే కొంచెం వెనక. వినికిడి బాగుంది కాబట్టి స్పీచ్ థెరపీ మొదలుపెట్టారు. కొన్ని ఇబ్బందులు బళ్లో వేశాకే బయటపడొచ్చని, అప్పటిదాకా చూపించడం మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. వచ్చే నెల మళ్లీ రమ్మంది, వెళ్తున్నాం.