పాత వార్‌గేమ్ పత్రికల కట్టలు: మ్యాపులు, కౌంటర్ల విడత

వార్‌గేమ్ అంటే మ్యాపు మీద, సైన్యాలకి గుర్తుగా ఉండే చిన్న అట్టముక్కల్ని (కౌంటర్లు) జరుపుతూ ఆడే యుద్ధాల ఆట. అలాంటి ఆటల పాత పత్రికల్ని బాగుచేస్తున్నాం.

ప్రస్తుత స్థితి: ‘స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్’ పత్రిక కట్టలో తనిఖీ, పిన్నుల పని అయిపోయాయి. మ్యాపుల స్కానింగ్ సగంలో ఉంది. ‘ది జనరల్’ కట్ట ఇప్పుడే విప్పాం.

తనిఖీ

ఈ పత్రికల్ని అట్ట చూసి కొనకూడదు, లోపల ఏమున్నాయో చూడాలి. 1967 జనవరిలో, జపాన్‌లో పనిచేస్తున్న అమెరికా వైమానిక దళ ఉద్యోగి క్రిస్ వాగ్నర్ మొదలుపెట్టినప్పుడు ‘స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్’ ఉత్త వ్యాసాల పత్రిక. 1969లో అది న్యూయార్క్‌లో ఆటల రూపకర్త జిమ్ డన్నిగన్ చేతికొచ్చింది. 18వ సంచిక నుంచి పత్రికతోపాటు ఆట కూడా వచ్చేది. అక్కణ్ణించి సంచిక అంటే పత్రిక, మ్యాపు, నియమాలు, కౌంటర్లు అన్నీ కలిపి. వీటిలో ఒక్కటి తగ్గినా మిగిలేది చదువుకునే కాగితమే. నియమాల్లో కౌంటర్ల పట్టిక ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని లెక్కపెట్టాలి. ఖాళీ కౌంటర్లనీ లెక్కలోకి తీసుకోవాలి.

పాఠకులు నింపి పంపే అభిప్రాయాల కార్డు చాలా సంచికల్లో చిరిగిపోయి ఉంటుంది. వ్యాసాలకీ, రాబోయే ఆటల ప్రతిపాదనలకీ 1 నుంచి 9 దాకా మార్కులు వేసి పంపితే, ఆ లెక్క చూసే తర్వాత ఏ ఆట చెయ్యాలో డన్నిగన్ సంస్థ ఎస్‌పీఐ తేల్చుకునేది. కార్డు లేకపోతే అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది, నిజమే. కానీ ఆ సంచిక అసలు యజమాని ఓటు వేశాడనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? చిరిగినవాటిని పారెయ్యకుండా జాబితాలో ‘కార్డు లేదు’ అని రాసిపెట్టాం.

పిన్నులు

తుప్పు పిన్నుల్ని స్టాప్లర్ రిమూవర్‌తో లాగితే మడత దగ్గర కాగితం చిరుగుతుంది. సంచికని సరిగ్గా మధ్యపేజీ దగ్గర తెరిచి, మొద్దు కత్తి మొనతో పిన్ను కాళ్ళు రెండూ నిటారుగా లేపి, అట్టవైపు నుంచి మెల్లగా లాగాలి. కాళ్ళు విరిగితే ముక్కల్ని పట్టకారుతో ఏరాలి. పాత రంధ్రాల్లోంచే నారదారం పోసి లోపలివైపు ముడి వేస్తే సరి. కొత్త రంధ్రాలు పొడవొద్దు. పీవీసీ కవర్లు వద్దేవద్దు. ఎండకి మెత్తబడి అట్టమీది సిరాకి అతుక్కుంటాయి. పాలిప్రొపిలీన్ మేలు. సముద్రం దగ్గరి ఊళ్ళలో డబ్బాలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లం కూడా ఉండాలి.

మ్యాపులు

మామూలు మ్యాపు 22 × 34 అంగుళాలు, అంటే దాదాపు 56 × 86 సెంటీమీటర్లు. ఏ4 స్కానర్ మీద పొడవువైపు 5, వెడల్పువైపు 2, మొత్తం 10 ముక్కలు. పక్కపక్క ముక్కలు 3 సెంటీమీటర్లకి తగ్గకుండా ఒకదానిమీద ఒకటి రావాలి. ఆటో ఎక్స్‌పోజర్ ఆపకపోతే అడవి ఒక ముక్కలో ఆకుపచ్చగా, పక్కముక్కలో పసుపుగా వచ్చి అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మడతలు కలిసే చోట చిరిగితే సెల్లోటేపు అంటించొద్దు, కొన్నేళ్ళకి దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. వెనకవైపు నుంచి జపనీస్ టిష్యూ అనే పల్చటి కాగితం, గోధుమ గంజి జిగురు వాడాలి. ఆడేటప్పుడు మడతల్ని ఎదురు తిప్పి చదును చెయ్యాలని చూడకుండా, మీద అక్రిలిక్ షీటు పరిస్తే చాలు.

పోయిన కౌంటర్లు

పోయినవాటికి బదులు కొత్తవి ప్రింట్ తీసి చేసేటప్పుడే పని ఎక్కువ చెడిపోతుంది. కౌంటర్ అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ప్రింటర్‌లో ‘పేజీకి సరిపెట్టు’ అని ఉంటే 97 శాతానికి కుదించేస్తుంది. కంటికి తేడా తెలియదు, పాత కౌంటర్ల మధ్య పెడితే బయటపడుతుంది. అసలు సైజులో ప్రింట్ తీసి 10 కౌంటర్ల వరసని స్కేలుతో కొలవాలి. 127 మిల్లీమీటర్లు రావాలి. 123 వస్తే సెట్టింగు తప్పు. రెండువైపులా బొమ్మ ఉంటే ముందొకవైపు అట్టకి అంటించి, నాలుగు మూలలా గుండుసూది గుచ్చి, ఆ రంధ్రాల గుర్తుతో రెండోవైపు అంటించాలి. కోతకి ఇనప స్కేలు, కొత్త బ్లేడు. ఒక్కసారే నొక్కి కోస్తే అంచు నలుగుతుంది. నాలుగైదుసార్లు తేలిగ్గా గీయాలి.

నియమాల్లో దొర్లిన తప్పులకి తర్వాత సవరణలు వచ్చేవి. వాటికోసం ఎస్‌పీఐ 1972లో పెట్టిన ‘మూవ్స్’ పత్రికలోనూ వెతకాలి. సవరణ జిరాక్స్‌ని ఆ ఆట కవర్లోనే పెట్టేశాం. లేకపోతే మ్యాపు పరిచాక దానికోసం వెతుక్కోవాలి.

తర్వాతి విడత

అవలాన్ హిల్ అనే అమెరికా ఆటల కంపెనీ పత్రిక ‘ది జనరల్’ 1964 నుంచి 1998 దాకా నడిచింది. ఇందులో ఆట రాదు గానీ, ప్రత్యర్థి కావాలంటూ పాఠకులిచ్చిన ప్రకటనలున్నాయి. ఉత్తరాల్లో ఆడేవాళ్ళు పాచికలకి బదులు, ఇద్దరూ ముందే అనుకున్న ఏదో ఒక కంపెనీ షేర్ల అమ్మకాల లెక్క పేపర్లో చూసి, దాన్లో చివరి అంకె తీసుకునేవారు. ఎదుటివాడు ఎంత దూరాన ఉన్నా పేపర్లో అంకె ఒకటే, మోసానికి తావు లేదు. కట్టలో చూడాల్సింది కత్తిరించిన కూపన్లు. కూపన్ పోతే వెనకవైపు అచ్చు కూడా పోయినట్టే, కాబట్టి ప్రతి పేజీనీ రెండువైపులా తిప్పి చూస్తున్నాం.

దాని తర్వాత 1962లో డాన్ ఫెదర్‌స్టోన్ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి మొదలుపెట్టిన ‘వార్‌గేమర్స్ న్యూస్‌లెటర్’. దాన్లో అతకాల్సిన మ్యాపుల్లేవు, కౌంటర్లూ లేవు. పిన్నుల పనే.