ఐకాన్ ఆఫ్ ది సీస్: నీటిమట్టానికి పైన, కింద

విహార నౌకల గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నన్ను తికమకపెట్టిన మాట గ్రాస్ టన్నేజ్. ఐకాన్ ఆఫ్ ది సీస్‌కు ఇది దాదాపు 2,48,663 అని చూసి, ఓడ బరువు కాబోలని చాలాకాలం పొరబడ్డాను. నిజానికి అది ఓడ లోపలి ఘనపరిమాణాన్ని బట్టి లెక్కగట్టే సంఖ్య.

ఫిన్లాండ్‌లోని తుర్కులో తయారై, 2024 జనవరిలో మయామీ నుంచి తొలి యాత్రకు బయలుదేరిన ఈ ఓడ పొడవు సుమారు 365 మీటర్లు. ఇరవై డెక్కుల (అంతస్తుల) ఈ ఓడలోని 2,805 గదులలో గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది ప్రయాణించవచ్చు. సిబ్బంది మరో 2,350 మంది. ఏడు ఈత కొలనులు, ఆరు నీటి జారుడుబల్లలు, నిజమైన మొక్కలతో పెంచిన తోట ఉన్నాయి. ప్రకటనలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

నా ఆసక్తి మాత్రం నీటిమట్టానికి దిగువన ఉన్నదాని మీదే. ద్రవీకృత సహజవాయువుతోనూ, నౌకా డీజిల్‌తోనూ నడవగల ఆరు ఇంజన్లు ప్రొపెల్లర్లను నేరుగా తిప్పవు. అవి విద్యుత్తును ఉత్పత్తి చేస్తే, ఆ విద్యుత్తుతో ఓడ అడుగున వేలాడే అజిపాడ్‌లలోని (మోటారు, ప్రొపెల్లర్ కలిసి ఉండే తొడుగులు) మోటార్లు ప్రొపెల్లర్లను తిప్పుతాయి. అజిపాడ్ మొత్తంగా ఏ దిక్కుకైనా తిరగగలదు కనుక, ఇంత పెద్ద ఓడకు విడిగా చుక్కానే అక్కరలేదు. సహజవాయువు వల్ల గంధక కాలుష్యం బాగా తగ్గుతుంది. అయితే ఇంజన్లలో పూర్తిగా మండకుండా బయటపడే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు సంగతిని ప్రకటనలు ప్రస్తావించవు.