విలన్‌కు ఒక స్నేహితుడు కావాలి

చెన్నై సాలిగ్రామంలో డబ్బింగ్ సీరియళ్లకు తెలుగు మాటలు రాయడం నా వృత్తి. కొత్త విలన్ అడుగుపెట్టిన రెండో వారానికే వాడి చిన్ననాటి కష్టాలు మొదలవుతాయి. సవతి తల్లి వాతలు, తిండిలేని రాత్రులు. పెదవుల కదలికకు మాట కుదర్చడం వరకే నా పని కాబట్టి నోరెత్తకుండా రాసిస్తాను. కానీ ఆ కష్టాలతో వాడిమీద జాలి కలగడమే తప్ప, ఇప్పుడు వాడి మనసులో ఏముందో తెలిసి చావదు.

ఆ విసుగు పోవడానికి నేను మళ్లీ మళ్లీ చూసేది అమెరికన్ అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్‌లో 1966 డిసెంబరులో ప్రసారమైన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ అనే ఎపిసోడ్. రాసినవాడు పాల్ ష్నైడర్. రొములన్లనే శత్రుజాతికి చెందిన, కంటికి కనబడకుండా మాయమయ్యే నౌక ఒకటి సరిహద్దు దాటివచ్చి భూమివాళ్ల కాపలా స్థావరాలను ధ్వంసం చేస్తుంది. దాని కమాండర్‌గా వేసినవాడు మార్క్ లెనార్డ్. ఆ కమాండర్‌కు బాల్యం మాట అటుంచి, పేరు కూడా లేదు. ఉన్నదల్లా పక్కన ఇద్దరు మనుషులు: ఎన్నో యుద్ధాలు కలిసి చేసిన ముసలి స్నేహితుడు సెంచూరియన్ (అది పేరు కాదు, హోదా), పైవాళ్ల అండ చూసుకుని మిడిసిపడే డీసియస్ అనే కుర్ర అధికారి.

స్నేహితుడి దగ్గర కమాండర్ గొంతు తగ్గించి మాట్లాడతాడు. మనం గెలిచి ఇల్లు చేరితే స్వదేశానికి మోసుకెళ్లే కానుక మరో యుద్ధమే కదా, అంతకంటే దారిలోనే నాశనమైతే మేలనిపిస్తోంది అంటాడు. అన్నవాడు నౌకను మాత్రం ఆపడు. తరవాత దాడిలో సెంచూరియన్ చనిపోతాడు. కమాండర్ దుఃఖిస్తాడు. ఆ దుఃఖం ఆరకముందే, శత్రువును ఏమార్చడానికి విరిగిన సామానుతోపాటు ఆ శవాన్ని కూడా బయటికి వదలమంటాడు. ఆ ఒక్క ఆజ్ఞ ముందు పది ఫ్లాష్‌బ్యాకులు దిగదుడుపే. మంచివాడని ముద్దుచేయలేము, రాక్షసుడని తోసిపారేయలేము.

ఇటు ఆ నౌకను వెంటాడే భూమివాళ్ల కెప్టెన్ కర్క్ కూడా తన సందేహాలు తన నౌకలోని డాక్టర్ మెకాయ్‌కే చెప్పుకుంటాడు. చివర్లో నౌకలోని తెరమీద తప్ప కర్క్, కమాండర్ ఒకరినొకరు చూసుకోరు. మరోచోట, మరోలా కలిసి ఉంటే మనం స్నేహితులమయ్యేవాళ్లమని చెప్పి కమాండర్ తన నౌకను తానే పేల్చుకుంటాడు.

విలన్ పక్కన మనసు విప్పడానికి ఒక సొంతవాణ్ని పెట్టే ఈ పద్ధతి, సందేహమే లేని విలన్‌కూ పనికొస్తుంది. స్టార్ ట్రెక్‌లోదే మరో సీరియల్ ‘డీప్ స్పేస్ నైన్’ (1993–99)లో మార్క్ అలైమో వేసిన గల్ డుకాట్ అనే సైనికాధికారి బజోర్ అనే గ్రహాన్ని పీల్చి పిప్పి చేసినవాడు. ఆ గ్రహంవాళ్లను కన్నబిడ్డల్లా చూసుకున్నా నాకు ఒక్క విగ్రహమైనా పెట్టలేదే అని తన కూటమివాడైన వెయూన్ దగ్గర నిజంగానే బాధపడతాడు. మా చెన్నైలో మెరీనా బీచ్ పక్కన విగ్రహాలు లెక్కపెడుతూ నడిచేవాళ్లకు ఆ బాధ చప్పున అర్థమవుతుంది. అదే మాట హీరో ముందు అంటే ఉత్త డాంబికం అయ్యేది. సొంతవాడి ముందు అన్నాడు కాబట్టి నమ్మే అంటున్నాడని తెలుస్తుంది, అదే ఎక్కువ భయపెడుతుంది.

డబ్బింగ్‌లో కొత్త పాత్రను పుట్టించే వీలు లేదు. అందుకని ఈ మధ్య సొంతంగా మొదలుపెట్టిన నాటకంలో, వితంతువుల పొలాలు కాజేసే గుమస్తాకు ఒక బావమరిదిని ఇచ్చాను. వాడు రోజూ భోజనం దగ్గర ఏదో ఒకటి అడుగుతాడు. గుమస్తా అబద్ధం చెప్పలేడు, అలాగని దొంగ దస్తావేజు చింపడు కూడా.